దూలగొండి గింజయు, మాంగనీసు రాయియు, మెదడులోని తూమును

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



చీపురుపల్లి చుట్టుపట్ల పొలము గట్లమీదను, డొంకల ప్రక్కలను, వానలు పడిన పిదప ఒక తీగ కంపలపై అల్లుకొనును. ఊదారంగు పూలు గుత్తులుగా వ్రేలాడును. పూలు పోయి కాయలు వచ్చిన నాటినుండి పసులకాపరి పిల్లలు ఆ ప్రక్కకు పోరు. కాయమీది బంగారువన్నె నూగు చేతికి తగిలినచో చాలును, ఆ పూటకు వేరు పని యుండదు. అదియే దూలగొండి. దురదగొండి అనియు అందురు.

అమరసింహుడు తన నిఘంటువులో ఈ తీగకు అనేక నామములు చెప్పెను. వానిలో ఆత్మగుప్త యనునది ఒకటి, తన్ను తాను కాపాడుకొనునది అని దాని యర్థము. కపికచ్ఛువు అనగా కోతికి దురద పుట్టించునది. శూకశింబి అనగా ముండ్లనూగుగల చిక్కుడు. ప్రావృషాయణి అనగా వర్షాకాలమున వచ్చునది. ఇన్ని పేర్లలో మొక్కయొక్క జాతి, కాలము, స్వభావము మూడును తెలిసిపోవుచున్నవి. పేరు పెట్టుట చూచుటలో నుండి పుట్టినదే గాని ఊహలో నుండి పుట్టినది కాదు. ఆ నూగులో మాంసకృత్తులను త్రెంచెడి ఒక పదార్థము కలదు. దానికి మ్యుకునేను అని పేరు. దురదకు కారణమదియే.

అయితే ఈ ఉపన్యాసము దురదను గూర్చి కాదు, కాయలోపలి గింజను గూర్చి. ఆ గింజతోబాటు మరియొక వస్తువును గూర్చియు చెప్పవలసియున్నది. అది ఈ ప్రాంతపు భూమిలోని నల్లరాయి.

మాంగనీసు ఖనిజము హిందూదేశములో మొట్టమొదట త్రవ్వబడినది ఈ విజయనగరము సీమలోనే, 1892 వ సంవత్సరమున. చీపురుపల్లికి చేరువనున్న కోడూరు గనియు, గర్భాము గనియు ఆ కాలమున ప్రసిద్ధికెక్కినవి. భారత భూగర్భశాఖకు చెందిన ఫెర్మరు అను శాస్త్రజ్ఞుడు దేశములోని మాంగనీసు నిక్షేపములనుగూర్చి 1909 లో ఒక బృహద్గ్రంథము ప్రకటించెను. ఇచ్చట కనబడిన ఒక జాతి శిలకు ఆయన కోడూరుపేరనే కోడురైటు అని నామకరణము చేసెను. నేటికిని భూగర్భశాస్త్రము చదువు విద్యార్థులు ఏ దేశమువారైనను ఆ పేరు చదువుచునే యున్నారు. అప్పుడీ ప్రాంతము విశాఖపట్టణము జిల్లాలోనిది. 1950 నుండి శ్రీకాకుళము జిల్లాలోను, 1979 నుండి విజయనగరము జిల్లాలోను చేరినది. జిల్లా మారినంత మాత్రమున రాయి మారదు గదా.

గట్టుమీది తీగకును, గనిలోని రాయికిని పొత్తేమి యని ఎవరైనను అడుగవచ్చును. ఈ రెండును మనుష్యుని మెదడులో ఒకచోట కలిసికొనుచున్నవి. ఒకటి అచ్చట హాని చేయగలదు, రెండవది అచ్చట లోటు తీర్పగలదు. ఆ కథ సగము మదరాసులోను, సగము చిలీ దేశములోను జరిగినది.

మొదట వ్యాధిని చెప్పవలెను. దీనిని ప్రాచీన వైద్యులు కంపవాతమనిరి. లండను నగర వైద్యుడు జేమ్సు పార్కిన్సను 1817 లో దీని లక్షణములను ఒక చిన్న గ్రంథమున వివరించెను గనుక ఆయన పేరనే నేడు లోకమంతట వ్యవహరింపబడుచున్నది. గ్రామములలో దీనిని ముసలితనపు వణుకు అని త్రోసివేయుట వాడుక. అది సరికాదు. వణుకు అందరికిని రాదు. కొందరికి వణుకే యుండదు. మొదట తెలియునది మరియొకటి. చేవ్రాలు చిన్నదగును. ఇరువది యేండ్లుగా దస్తావేజులమీద ఒకే తీరున సంతకము చేసిన మనిషి, పంక్తి మొదట పెద్ద యక్షరముతో ప్రారంభించి చివరకు చీమలబారువలె చేసి విడుచును. వ్రాతకోతలు చూచువారు దీనిని కనిపెట్టగలరు, ఇంటివారు కనిపెట్టలేరు. ఆ పిదప ఒక చేయి నడకలో ఊగుట మానును. మొగము నవ్వుట తగ్గును, ఇంటివారు కోపమనుకొందురు. కంఠము సన్నగిల్లును. కుర్చీనుండి లేచుటకు రెండు మూడు మారులు ప్రయత్నించును. గడప దాటబోయి కాళ్లు నేలకంటుకొన్నట్లు నిలిచిపోవును. బుద్ధి చక్కగనే యుండును, శరీరమే మాట వినదు. చుట్టములు 'పెద్దాయన సోమరియయినాడు' అందురు. ఇంతకంటె అన్యాయమైన మాట లేదు.

ఈ శరీరము మాట వినకపోవుటకు కారణమేమి? మెదడు క్రిందిభాగమున, నడుమ, నల్లని చారవంటి ప్రదేశమొకటి కలదు. ఇరుప్రక్కల కలిపి అచ్చట సుమారు నాలుగైదు లక్షల నాడీకణములు మాత్రమే యుండును. మెదడు మొత్తమునకు ఉన్న వేలకోట్ల కణములతో పోల్చినచో ఇది లెక్కలోనికి రాదు. అయినను నడక, వ్రాత, పలుకు, లేచుట, కూర్చుండుట అను పనులన్నియు సాఫీగా సాగుటకు వీని యాజ్ఞ కావలెను. ఈ కణములు డోపమైను అను ఒక రసమును తయారుచేసి, తమ సన్నని కొసలద్వారా మెదడులోని మరియొక భాగమునకు పంపుచుండును. వీనిలో సగమునకు పైగా నశించిన పిదపగాని వ్యాధి బయటపడదు.

డోపమైను ఒంటరిది కాదు. దాని కుటుంబమునకు కాటెకోలమైనులని పేరు. ఈ పేరు వినుటకు కఠినముగ నున్నను దాని మూలము తాంబూలములో నున్నది. చండ్రచెట్టు చేవను ఉడికించి తీసిన కాచు అందరెరిగినదే. పాశ్చాత్యులు దానిని కాటెచూ అనిరి. అందుండి రసాయనజ్ఞులు తీసిన పదార్థము కాటెకోలు. ఆ కాటెకోలు ఆకృతి తమలో ఇముడ్చుకొన్న రసములు గనుక ఇవి కాటెకోలమైనులయినవి. తాంబూలపు పళ్లెములోని మాట మెదడు శాస్త్రములో ప్రవేశించుటను భాషాభిమానులు గమనింపవలెను.

ఈ కుటుంబములో ముగ్గురు ముఖ్యులు. డోపమైను పెద్దది. దానినుండి నారడ్రినలిను, దానినుండి అడ్రినలిను పుట్టును. చీకటిలో కాలి ప్రక్క పాము కదలినపుడు గుండె దడదడలాడుట, చేతులు చల్లబడుట, ఎక్కడలేని వేగమున పరుగెత్తుట, ఇవన్నియు కడపటి రెండింటి పనులు. అడ్రినలినును 1901 లో జపానుదేశీయుడగు టకమీనే వేరుచేసెను. వీనిని గూర్చి చెప్పవలసినది చాల గలదు గాని ప్రకృతము డోపమైనే.

ఈ రసము శరీరమునకు బయటనుండి వచ్చునది కాదు. పప్పులోను, పాలలోను, చేపలోను ఉండెడి మాంసకృత్తులు జీర్ణమై ముక్కలైనపుడు వానిలో టైరోసీను అనునది ఒకటి వచ్చును. జర్మనీ దేశపు లీబిగ్ 1846 లో దీనిని జున్నునుండి తీసెను, గ్రీకు భాషలో జున్నునకు టైరోసు అని పేరు. టైరోసీనునకు మెదడుకణములలో ఒక చిన్న మార్పు జరుగవలెను. దాని వలయమునకు ప్రాణవాయువు, ఉదజని కలిసిన జంట యొకటి అదనముగా తగులుకొనవలెను. అంతట అది డోపా అగును. డోపానుండి ఒక కొస తెగిపోవగా డోపమైను. ఇంతియే. వ్రాసిన రెండు పంక్తులు. కాని మొదటి పంక్తి యందే మొత్తము రహస్యమున్నది.

టైరోసీనును డోపాగా మార్చు పనిముట్టునకు టైరోసీన్ హైడ్రాక్సిలేజు అని పేరు. ఇది ఎంజైము. ఎంజైమనగా తాను ఖర్చుకాక ఇతర పదార్థములను మార్చునది. పాలలో వేసిన తోడు వంటిదని చెప్పుదురు గాని, తోడు జీవి, ఎంజైము జీవి కాదు. జీవి చేతిలోని ఉలివంటిది. అమెరికా దేశములోని జాతీయ ఆరోగ్య సంస్థలయందు నగట్సు, లెవిట్టు, ఉడెన్‌ఫ్రెండు అను మువ్వురు 1964 లో దీనిని కనుగొని వర్ణించిరి. నగట్సు జపానుదేశీయుడు.

దీనిని తూము అని పిలుచుట సమంజసము. చెరువు నిండుగా నున్నను ఆయకట్టు పండుట తూముమీద ఆధారపడియుండును. తూము ఎంత తెరచిన అంత నీరు, చెరువులో మరి నాలుగడుగుల నీరు చేరినను కాలువలో నీరు పెరుగదు. అట్లే మామూలు భోజనము చేయువాని మెదడులో టైరోసీను ఈ ఎంజైమునకు కావలసినంత యుండనే యున్నది. కాబట్టి ఎక్కువ పప్పు తినినను, ఎక్కువ పాలు త్రాగినను డోపమైను పెరుగదు. ఈ కుటుంబపు ఉత్పత్తి యంతయు ఈ ఒక్క తూము వేగమునకు లోబడియున్నది.

తూమునకు కావలివాడు కూడ కలడు. పల్లమున నీరు నిండినపుడు నీరుకట్టువాడు తలుపు దింపునట్లు, డోపమైను ఎక్కువయినపుడు అది తానే పోయి ఎంజైము నడిబొడ్డును పట్టుకొని పనిని మందగింపజేయును. అవసరము వచ్చినపుడు కణము ఎంజైమునకు ఒక భాస్వరపు ముద్ర తగిలించును, తలుపు మరల పైకి లేచును. 

ఆ నడిబొడ్డున నున్నది ఒక ఇనుప పరమాణువు. ఎంజైము నాలుగు సమాన భాగములు కూడినది, ఒక్కొక్క భాగములో ఒక్కొక్క ఇనుప పరమాణువు. ఇనుము, ప్రాణవాయువు, టెట్రాహైడ్రోబయోప్టెరిను అను సహాయకము, ఈ మూడును లేనిదే పని జరుగదు. మూడవదాని పేరులోని ప్టెరిను అను మాటకు గ్రీకులో రెక్క అని అర్థము. సీతాకోకచిలుకల రెక్కలలోని తెలుపు పసుపు రంగులలో ఆ జాతి పదార్థము మొదట దొరకినది. ఇదే ప్టెరిను వలయము ఫోలికామ్లములోను ఉన్నది. ఫోలికామ్లమనగానే తెలుగువారు ఒకరిని స్మరింపవలెను. 1895 లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో నాయకత్వము వహించియుండగా 1945 లో ఫోలికామ్లము కృత్రిమముగా తయారుచేయబడినది. సుబ్బారావుగారు ఈ ఎంజైముపై పనిచేయలేదు. వారు 1948 లో పరమపదించిరి, ఎంజైము ఆ తరువాత పదునారు సంవత్సరములకు వెలికివచ్చినది. అయినను వారు నడచిన బాటయు ఈ బాటయు ఒక మలుపునొద్ద కలియుచున్నవని చెప్పుటలో అతిశయోక్తి లేదు.

డోపాను డోపమైనుగా మార్చు రెండవ ఎంజైమును జర్మనీలో పీటరు హోల్ట్సు 1938 లో కనుగొనెను. దీనికి ఆరవ బి విటమిను తోడు కావలెను. ఇది తూమువంటిది కాదు, వెడల్పైన కాలువవంటిది. డోపా ఎంత వచ్చిన అంతయు వెంటనే మార్చివేయును. మెదడులోనే కాక ప్రేగులలోను, కాలేయములోను, మూత్రపిండములలోను ఇది సమృద్ధిగా నున్నది. ఈ సంగతి తరువాత పనికివచ్చును.

ఇప్పుడు గింజయొద్దకు రావచ్చును.

1937 లో మదరాసు విశ్వవిద్యాలయపు జీవరసాయన పరిశోధనశాలలో దామోదరన్, రామస్వామి అను ఇరువురు దూలగొండి గింజలనుండి డోపాను శుద్ధరూపమున వేరుచేసి, ఆ సంగతిని ఇంగ్లాండులో వెలువడు జీవరసాయన పత్రికలో ప్రకటించిరి. ఆనాడు ఉత్తరాంధ్రముతో సహా కోస్తా జిల్లాలన్నియు మదరాసు రాజధానిలోనివే. గింజ బరువులో సుమారు నూటికి నాలుగైదు పాళ్లు డోపాయే యుండుట విశేషము. దీనికి పూర్వము 1913 లో స్విట్జర్లాండు దేశమున గుగ్గెన్‌హైము అను రసాయనజ్ఞుడు ఒక జాతి పెద్ద చిక్కుడునుండి దీనిని తీసి, రెండున్నర గ్రాములు తానే మ్రింగి, విపరీతముగా వాంతి చేసికొనెను. ఆ వాంతికి అర్థము తెలియుటకు అర్ధశతాబ్దము పట్టినది.

మదరాసులో గింజనుండి డోపా తీసిననాడు అది దేనికి పనికివచ్చునో లోకమునకు తెలియదు. మరుసటి సంవత్సరమే హోల్ట్సు ఎంజైము బయటపడినది. అయినను డోపమైను స్వయముగా మెదడులో పనిచేయునని ఎవరును ఎంచలేదు. అది నారడ్రినలిను తయారగుటకు మధ్యనుండు మజిలీ మాత్రమే యనుకొనిరి.

ఆ భ్రమను తొలగించుటకు మరల ఒక దేశీయమైన మూలికయే తోడ్పడినది. గణనాథసేనుడును, కార్తిక చంద్ర బోసును 1931 లో సర్పగంధి వేరు రక్తపు పోటును తగ్గించుననియు, ఉన్మాదమును శమింపజేయుననియు ప్రకటించిరి. బొంబాయి వైద్యుడు రుస్తుం వకీలు 1949 లో దాని ప్రభావమును ఇంగ్లాండు వైద్యపత్రికలో వివరించిన పిదప పాశ్చాత్యుల దృష్టి దానిమీద పడినది. 1952 లో దానినుండి రెసర్పిను అను సారము తీయబడెను. స్వీడను దేశమున కార్ల్‌సను 1957 లో కుందేళ్లకు ఆ రెసర్పినును ఇచ్చెను. అవి చెవులు వ్రేలవేసి కదలక మెదలక పడియుండెను. అప్పుడు వానికి డోపా ఎక్కించెను. కొలది నిముషములలో కుందేళ్లు లేచి చెవులు నిక్కించి తిరుగసాగెను. రెసర్పిను మెదడులోని డోపమైనును ఖాళీ చేసెననియు, డోపా దానిని మరల నింపెననియు తేలినది. కార్ల్‌సనునకు 2000 లో నోబెలు బహుమానము లభించినది. సర్పగంధి వేరును పరీక్షించిన వారి పేర్లు ఆ సందర్భమున తలచినవారు అరుదు.

1960 లో వియన్నా నగరమున ఎరింగరు, హోర్నికీవిచ్ అనువారు కంపవాతముతో మరణించినవారి మెదళ్లను పరీక్షించి, డోపమైను అడుగంటియున్నదని చూపిరి. మరుసటి సంవత్సరమున బిర్క్‌మేయరు అను వైద్యునితో కూడి రోగులకు సూదిమందుగా డోపా నిచ్చిరి. మంచమునుండి లేవలేనివారు కొన్ని గంటలపాటు లేచి నడచిరి. పిమ్మట మరల పడుకొనిరి. ఇతర వైద్యులు కొందరు ప్రయత్నించి ఫలితము కానక విడిచిరి. మందు సరియైనదే, మోతాదు సరియైనది కాదు. ఆ మోతాదును కనుగొనుటకు మాంగనీసు కావలసివచ్చినది.

మాంగనీసు ధూళి నాడీమండలమునకు హాని చేయునని స్కాట్లాండు దేశపు వైద్యుడు కూపరు 1837 లోనే వ్రాసియుండెను. చలువపొడి చేయు కార్ఖానాలో ఈ ఖనిజమును పొడిగొట్టు పనివారలకు కాళ్లు బలహీనమగుట, మాట నెమ్మదించుట, ముందునకు తూలుచు నడచుట ఆయన చూచెను. ఆ మాటను చాలకాలము ఎవరును పట్టించుకొనలేదు. ఉక్కుపరిశ్రమ పెరిగి మాంగనీసునకు గిరాకి హెచ్చిన తరువాత మొరాకో, చిలీ మొదలగు దేశముల గనులలో ఈ వ్యాధి మరల కనబడెను. చిలీవారు దీని మొదటి దశకు మాంగనీసు పిచ్చి అని పేరు పెట్టిరి. పనివాడు కారణము లేక నవ్వును, ఏడ్చును, పరుగెత్తును, కలహించును. కొన్ని నెలలకు ఆ యుద్రేకమంతయు చల్లారి, మొగము బిగిసి, మాట తడబడి, మడమలు నేలనానక కోడిపుంజువలె మునివ్రేళ్లపై నడచును.

గ్రీకుదేశమునకు చెందిన క్రీటు ద్వీపమున జన్మించి అమెరికాలో స్థిరపడిన జార్జి కోట్జియాసు శరీరములో మాంగనీసు గమనమును పరిశోధించుచు, చిలీ గనిపనివారలను పరీక్షించెను. వారి లక్షణములు కంపవాతమును పోలియుండుట ఆయన దృష్టికి వచ్చెను. మెదడులోని నల్లచార రంగు కోల్పోవుటయే రోగమునకు మూలమేమో యని ఆయన తలచెను. డోపా ఆ నల్లరంగునకు కూడ ముడిపదార్థము. రంగును మరల నింపవలెనను తలంపుతో ఆయన డోపాను నోటిద్వారా, స్వల్పముగా ప్రారంభించి, వారములకొలది మెల్లమెల్లగా పెంచుచు, రోజుకు కొన్ని గ్రాములవరకు తీసికొనిపోయెను. 1967 లో ప్రకటించిన ఫలితములలో 16 గురు కంపవాత రోగులలో సగముమందికి చెప్పుకోదగిన మేలు కలిగినది. రంగును గూర్చిన ఊహ నిలువలేదు, మందు నిలిచినది. శాస్త్రమున ఇట్టివి అప్పుడప్పుడు జరుగుచుండును. 1970 లో ఆయనయు, చిలీకి చెందిన మేనా మొదలగు సహచరులును మాంగనీసు రోగులకు సైతము డోపా ఇచ్చి కొందరికి గుణము కనబడినదని వ్రాసిరి.

ఇచ్చట ఒక మాట స్పష్టముగా చెప్పుట అవసరము. తరువాతి కాలపు పరిశోధనలలో మాంగనీసు రోగులలో పెక్కుమందికి డోపావలన చాల స్వల్పముగా గాని, అసలే గాని మేలు కలుగదని తేలినది. కారణమేమనగా కంపవాతములో డోపమైనును చేయు కణములే చచ్చును. మాంగనీసు చేరునది ప్రధానముగా వాని ఆజ్ఞను అందుకొను భాగములలో. తూము బాగుండి, నీరు కాలువలో పారుచుండగా, మడియే చవుడుబారినచో తూమును బాగుచేసి ప్రయోజనమేమి? కాబట్టి మాంగనీసు రోగమునకు మందుకంటె రాకుండ చూచుకొనుటయే దిక్కు.

గనులుగల సీమలో నివసించువారికి ఇది పనికివచ్చు సంగతి. రాయిని చేతపట్టినంతనే కీడు లేదు. శరీరమునకు స్వల్పముగా మాంగనీసు కావలెను, అన్నములోను ఆకుకూరలలోను అది యుండనే యున్నది. అన్నముద్వారా వచ్చిన అధిక భాగమును కాలేయము పిత్తముతో బయటికి పంపివేయును. ముక్కుద్వారా పోయిన ధూళికిని, కొలిమి పొగకును ఆ కాపుదల లేదు. నెలలకొలది, సంవత్సరములకొలది పీల్చినచో మెదడున చేరును. అందుచే పొడిరాతిని తొలుచుటకంటె నీరు చల్లుచు తొలుచుట మేలు, ముక్కునకు సరియైన ముసుగు కట్టుట మేలు, పనిబట్టలను ఇంటిలో దులుపకుండుట మేలు. తలగుడ్డ కొస ముక్కునకు చుట్టుకొనుట చాలదు, సన్నని ధూళి నూలుబట్టలో దూరిపోవును.

ఇంకొక సంగతి. ప్రేగులలో ఇనుమును లోనికి తీసికొను ద్వారములే మాంగనీసును కూడ తీసికొనును. ఇనుము తక్కువైన శరీరము ఆ ద్వారములను మరింత తెరచియుంచును. ఇనుము రాకున్న మాంగనీసు దూరును. రక్తహీనతగల స్త్రీలును, పిల్లలును మాంగనీసును ఎక్కువగా పీల్చుకొందురని పరిశోధకులు చూపిరి. ఇదే ఇనుము తూము నడిబొడ్డున ఉండవలసినదని ముందు చెప్పబడినది. రక్తము పట్టుటకు ఆసుపత్రిలో ఇచ్చు ఇనుప మాత్రలను అటకమీద పెట్టువారు ఈ రెండు కారణములను తలంపున నుంచుకొందురు గాక.

భారత ప్రభుత్వము 1948 నాటి కర్మాగారముల చట్టముయొక్క మూడవ అనుబంధములో మాంగనీసు విషమును ప్రకటింపవలసిన వ్యాధులలో చేర్చినది. 1952 నాటి గనుల చట్టము క్రిందను మాంగనీసువలన కలుగు నాడీరోగము ప్రకటిత వ్యాధిగా చేర్చబడినది. అనగా ఇట్టి రోగిని చూచిన వైద్యుడు అధికారులకు తెలుపవలెను. గనిలో పనిచేసినవాడు వైద్యునియొద్దకు పోయినపుడు వయస్సు, ఊరు చెప్పినట్లే ఎన్నేండ్లు ఏ పని చేసెనో కూడ చెప్పవలెను. చెప్పనిచో వైద్యునకు తోచుటకు మార్గము లేదు, నష్టపరిహారమునకును ఆధారముండదు.

దూలగొండిని గూర్చి మిగిలిన మాట. గింజలో డోపా యున్నదని వినినవెంటనే దంచి మ్రింగుట తెలివి కాదు. గుగ్గెన్‌హైముగారి అనుభవము చెప్పబడినది. ప్రేగులలోని రెండవ ఎంజైము డోపాను దారిలోనే డోపమైనుగా మార్చివేయును. డోపమైను మెదడు గడప దాటలేదు, డోపా మాత్రమే దాటగలదు. దారిలో మారినది వాంతియు, తలతిరుగుటయు, రక్తపుపోటు పడిపోవుటయు కలిగించును. అందుచేతనే నేటి మాత్రలలో డోపాతోబాటు కార్బిడోపా యను మరియొకటి కలుపుదురు. అది మెదడులోనికి పోదు, వెలుపలి ఎంజైమును మాత్రము కట్టివేయును. దానివలన తక్కువ మోతాదు చాలును, వాంతి తగ్గును. దక్షిణదేశపు కొండలలో కొన్ని గిరిజన జాతులవారు ఈ గింజలను ఆహారముగా తినునపుడు పలుమారులు ఉడికించి నీరు పారబోయుదురు. వారి పెద్దలకు డోపా పేరు తెలియదు, గుణము తెలియును.

దూలగొండిని తృణీకరించుటయు సరికాదు. 2004 లో లండనులో 8 మంది రోగులకు గింజపొడిని కొలిచి ఇచ్చి పరీక్షింపగా మాత్రలకంటె శీఘ్రముగా పనిచేసినది. 2017 లో ప్రకటింపబడిన మరియొక పరీక్ష దక్షిణ అమెరికాలోని బొలీవియా దేశమున 18 మంది రోగులపై జరిగినది. మాత్రలు కొనలేని బీదలకు వేయించి పొడిచేసిన గింజ పనికివచ్చునా యని చూచుటయే దాని యుద్దేశము. కొలదికాలము పనికివచ్చినది. దీర్ఘకాలపు వాడుకలో కొందరు వికారమువలనను, కొందరు వ్యాధి పెరిగినట్లు తోచుటవలనను మానుకొనిరని అదే పరిశోధకులు పిమ్మట తెలిపిరి. గింజగింజకును డోపా పాళ్లు మారుచుండును. ఒక చేని గింజ మూడు పాళ్లు, వేరొక చేని గింజ ఆరు పాళ్లు ఇచ్చినచో మోతాదు నిర్ణయించుట ఎట్లు? ఇప్పటికే మాత్రలు వాడుచున్నవారు పైనుండి పొడి తినినచో రెండు డోపాలు కలిసి కాళ్లు చేతులు వశము తప్పి ఆడసాగును. మనోవ్యాధులకు వాడు కొన్ని మందులతో కలిసినచో రక్తపుపోటు ప్రమాదకరముగ పెరుగును. వైద్యునకు చెప్పి వాడుటయొకటే మార్గము.

మాత్రలు వాడువారికిని ఒక నియమమున్నది, దానిని అందరును చెప్పరు. ప్రేగు గోడయందును, మెదడు గడపయందును డోపా లోనికి పోవు ద్వారమే పప్పు, పాలు, మాంసములనుండి వచ్చు ఇతర పదార్థములకును ద్వారము. పప్పన్నము తినిన వెంటనే మాత్ర వేసికొన్నచో సందడిలో చిక్కిన బాటసారివలె డోపా వెనుకబడును. అందుచే భోజనమునకు అరగంట, గంట ముందుగా వేసికొందురు. మందు పనిచేయుటలేదని ఇంట అనుకొనుచున్నవారు ముందు వేళను మార్చి చూడవలెను.

తూము పుట్టుకతోనే చెడియుండుటయు కలదు. టైరోసీన్ హైడ్రాక్సిలేజును తయారుచేయు ఆజ్ఞ పదునొకండవ వర్ణతంతువుపై నున్నది. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి చెడిన ప్రతులు వచ్చినచో, తల్లిదండ్రు లిరువురును ఆరోగ్యవంతులైయుండియు బిడ్డ నెలలలోనే వ్రేలబడును. తల నిలుపలేదు, కనుగ్రుడ్లు పైకి తిరుగును, కాళ్లు బిగియును, కదలిక తక్కువ. దిష్టియనియు, మూర్ఛయనియు, పుట్టుక వేళ ఊపిరాడనందున వచ్చినదనియు భావింతురు. వైద్యులు సైతము మెదడు దెబ్బగా ఎంచుట కలదు. 1990 దశకములో దీని జన్యుకారణము తెలిసినది. ఇది మిక్కిలి అరుదైనది. మేనరికపు సంబంధములు వాడుకలో నున్నచోట ఇట్టి జతలు కూడుటకు అవకాశము హెచ్చు. వెన్నెముకనుండి తీసిన నీటిలో డోపమైను శేషములు తగ్గియుండుటవలనను, పిమ్మట జన్యుపరీక్షవలనను దీనిని నిర్ణయింతురు. నిర్ణయించిన పిదప వైద్యము డోపాయే. బిడ్డ బరువునకు తగిన మిక్కిలి స్వల్పమైన మోతాదుతో మొదలిడి వారములకొలది పెంచుదురు. కొందరికి పూర్తిగా గుణము రాదు. తక్కువ తీవ్రతగల రూపములో మాత్రము ఎత్తుకొని తిరిగిన పిల్లలు కొన్ని వారములలో నిలబడి నడచుటయు, ఆ మందు కొనసాగినంతకాలము నడచుచునే యుండుటయు వైద్యగ్రంథములలో నమోదయియున్నది.